చెత్తబుట్ట మీద తువ్వాలు

వీధిలో ఎవరింట్లో టీవీ మొండికేసినా ముందు సర్వరమ్మకే కబురొస్తుంది. ఆవిడేమీ కంప్యూటర్లు చదువుకున్న మనిషి కాదు. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతుంది. ఆరబెట్టే మిషను ఒకసారి తిరగడం మొదలుపెడితే నలభై నిమిషాలు ఆగదు. ఆ నలభై నిమిషాలూ మిగతా ఆడవాళ్ళు గోడకు చేరబడి కునుకు తీస్తే, ఈవిడ ఫోనులో వీడియోలు పెట్టుకుని నేర్చుకుంది. రికార్డుల గదివాళ్ళు పారేయబోతున్న కంప్యూటరును అడిగి తెచ్చుకుని, ముందుగదిలో టీవీ కింద, చెప్పుల స్టాండు పక్కన కాపురం పెట్టించింది. ఇంటిల్లిపాదీ చూసే సినిమాలూ సీరియళ్ళూ అన్నీ దాని కడుపులోనే ఉంటాయి. దాన్ని సర్వరు అంటారు కనుక ఈవిడ సర్వరమ్మ అయింది. మొదట్లో అత్తగారి స్నేహితురాళ్ళు, కోడలు హోటల్లో పనికి కుదిరిందనుకుని పాపం జాలిపడ్డారు కూడా.

ఆ సర్వరును అందరికంటే ఎక్కువ వాడేది అత్తగారే. ఆవిడ ముప్పై ఏళ్ళు ఒక పెద్ద ఆఫీసు ఊడ్చింది. ఆరు అంతస్తులు. పొద్దున్నే కింది మెట్టు దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్ళేసరికి కింద మళ్ళీ బూట్ల మరకలు. మర్నాడు మళ్ళీ కింది మెట్టు. ముప్పై ఏళ్ళలో ఒక్కరోజైనా "నిన్న ఎక్కడిదాకా వచ్చావు, అక్కడినుంచి కానివ్వు" అన్నవాళ్ళు లేరు. ఊడ్చినదాని గుర్తు ఎక్కడా మిగలదు. ఊడవకపోతేనే అందరి కళ్ళకూ కనిపిస్తుంది.

అలాంటి మనిషికి పనిమానేశాక ఒక సీరియలు దొరికింది. ఏడువందల ఇరవై భాగాలు. వీడియో షాపు మూసేస్తూ షాపాయన రెండు బస్తాల డిస్కులు ఇచ్చేస్తే, కోడలు ఒక్కొక్కటే ఎక్కించి పెట్టింది. అత్తగారికి చదువు రాదు, అంకెలు కూడా అంతంతమాత్రం. అయినా ఇబ్బంది లేదు. చూసేసిన భాగం బొమ్మ మీద చిన్న టిక్కు పడుతుంది. సగంలో ఆపిన భాగం కింద నారింజరంగు గీత కనిపిస్తుంది. రోజూ మధ్యాహ్నం కుర్చీ లాక్కుని, టిక్కులన్నీ దాటుకుంటూ వెళ్ళి, గీత దగ్గర ఆగి నొక్కుతుంది.

"నిన్న చేసిన పని ఇవాళ్టికి అలాగే ఉండటం నా జీవితంలో ఇదే మొదలే" అంది ఒకసారి. నాలుగువందల పన్నెండు టిక్కులు ఆవిడవి. లెక్క కోడలు చెప్పింది. ఆవిడ దాన్ని వీధంతా చెప్పుకుంది.

డిస్కు నిండిపోవడంతో వచ్చిపడ్డాయి తిప్పలు. సర్వరమ్మ కొత్త డిస్కు తెచ్చి, ఆదివారం తీరిగ్గా ఫైళ్ళు మారుద్దామని అలమారలో పెట్టింది. మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. శనివారం సెలవు. ఖాళీగా కూర్చోలేని జబ్బు. పెళ్ళానికి పని తగ్గిద్దామని డిస్కు తగిలించి, సీరియలు మొత్తాన్నీ పాత డిస్కులోంచి కోసి కొత్తదాంట్లో అతికించేశాడు. ఎంతో శుభ్రంగా చేశాడు. సర్వరుకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

పదకొండింటికి లాండ్రీలో ఫోను మోగింది.

"ఏమోయ్, బిజీగా ఉన్నావా?" మొగుడి గొంతులో లేని తియ్యదనం ఉంది.

"ఏం చెడగొట్టారు?" అంది సర్వరమ్మ.

"చెడగొట్టడమేమిటి! సాయం చేశాను. ఆ ఫైళ్ళు మార్చేశాను. కాకపోతే టీవీలో అమ్మ సీరియలు బొమ్మలన్నిటి మీదా చెత్తబుట్ట గుర్తు వచ్చింది. కంప్యూటర్లో చూస్తే 'చెత్తబుట్ట ఖాళీ చేయాలా' అని అడుగుతోంది. చేసేయనా?"

సర్వరమ్మ చేతిలో తడి దుప్పటి నేలమీద పడింది.

సంగతి ఏమిటంటే, సర్వరు టిక్కును ఫైలు చిరునామా పక్కన రాసుకుంటుంది. ఆ చిరునామాలో ఫైలు కనబడకపోతే "ఈ భాగం పోయినట్టుంది" అని బుట్టలో పడేస్తుంది. టిక్కు బుట్టలోనే ఉంటుంది, ఎక్కడికీ పోదు. బుట్ట ఖాళీ చేస్తే మాత్రం టిక్కుతో సహా కొట్టేస్తుంది. తర్వాత అదే ఫైలును కొత్త చోట చూపిస్తే "ఎవరండీ తమరు, కొత్తగా వచ్చారా?" అంటుంది.

"వద్దు! ముట్టుకోవద్దు! మూడింటికి వస్తాను, అందాకా కంప్యూటరు జోలికెళ్ళకండి."

వెనకనుంచి అత్తగారి గొంతు వినిపించింది. "నిండిన బుట్టను ఎదురుగా పెట్టుకుని మూడింటిదాకా కూర్చోమంటుందా? నొక్కరా! నేనైతే ఈపాటికి దులిపి బోర్లించేదాన్ని."

"అత్తయ్యా, మీ టిక్కులు ఆ బుట్టలోనే ఉన్నాయి!"

అత్తగారు కొడుకు చేతిలోంచి ఫోను లాక్కుంది.

"నా నాలుగువందల పన్నెండూనా?"

"అన్నీ."

"ఒరేయ్, చెయ్యి తీయరా దానిమీంచి!"

ఫోను పెట్టేశాక కూడా సర్వరమ్మకు కుదురు లేదు. మొగుడి సంగతి పక్కన పెడితే, అసలు భయం అత్తగారితోనే. ముప్పై ఏళ్ళుగా, నిండిన బుట్ట కనబడితే చెయ్యి ఆగని మనిషి. పెళ్ళికి పిలిస్తే పెళ్ళివారి బుట్టలు ఖాళీ చేసి వచ్చిన మనిషి. అలవాటుకొద్దీ వేలు నొక్కేస్తే? ఆవిడ మళ్ళీ ఒకటో భాగం నుంచి మొదలుపెట్టాలి. అంటే ఇంటిల్లిపాదీ ఆ మొదటి పాట మళ్ళీ వినాలి. అంతకంటే, ఆవిడ మళ్ళీ కింది మెట్టు దగ్గర నిలబడాలి. ఆ నిలబడటం ఎలా ఉంటుందో సర్వరమ్మకు తెలుసు.

ఎందుకంటే తనకు అది జరిగి మూడు వారాలే అయింది. లాండ్రీ కంట్రాక్టరు మారాడు. అవే మిషన్లు, అదే నేలమాళిగ, అవే దుప్పట్లు, అదే పద్నాలుగుమంది ఆడవాళ్ళు. కొత్త కంట్రాక్టరు అందరికీ కొత్త కార్డులిచ్చాడు. చేరిన తేదీ: ఈ నెల ఒకటి. సర్వరమ్మ పదకొండేళ్ళు, పక్క మిషను అక్కయ్య పంతొమ్మిదేళ్ళు, ఒక్క కలంపోటుతో సున్నా. సెలవులూ సున్నా, పగటి డ్యూటీ అడిగే హక్కూ సున్నా. "పాత కంపెనీ రికార్డులు మా దగ్గర లేవమ్మా" అన్నాడు సూపర్‌వైజరు, వాతావరణం గురించి చెబుతున్నట్టు. ఇలాంటివాటిని పొరపాటు అనడం మర్యాద కోసమే. మొగుడు చేసినది పొరపాటు. వీళ్ళు చేసినది ఏర్పాటు.

మూడింటికి ఇంట్లో అడుగుపెట్టేసరికి మొగుడు గుమ్మంలో కాపలా కాస్తున్నాడు. అత్తగారు కంప్యూటరుకు వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. కంప్యూటరు తెర మీద స్నానం తువ్వాలు కప్పి ఉంది.

"ఇదేమిటి అత్తయ్యా?"

"కనిపిస్తే చెయ్యి ఊరుకోదే. రెండుసార్లు లేచాను. అందుకే కప్పేశాను."

"మూడుసార్లు" అన్నాడు కొడుకు. "మూడోసారి నేను అడ్డం పడుకున్నాను."

"నువ్వు నోర్మూసుకో. చేసిందంతా చేసి సాక్ష్యం చెప్పొచ్చాడు."

సర్వరమ్మ తువ్వాలు తీసింది. ఏడువందల ఇరవై బొమ్మలు, ఏడువందల ఇరవై బుట్టలు. కాళ్ళు కడుక్కోకుండానే కూర్చుని, పాత ఫోల్డరు చిరునామాను చెరపకుండా, దాని పక్కనే కొత్త డిస్కు చిరునామా కూడా రాసింది. "ఇప్పుడు వెతుకు" అంది సర్వరుతో. అత్తగారు కుర్చీ ఇటు తిప్పింది. ముగ్గురూ తెరవైపు వంగారు.

ఒకటో భాగం మీద బుట్ట పోయింది. టిక్కు వచ్చింది. రెండు. మూడు. తర్వాత బిలబిలమంటూ ఇరవై, ముప్పై.

"అదెలాగే?" అంది అత్తగారు.

"మనిషి అదే, ఇల్లు మారిందని దానికి తెలిసింది అత్తయ్యా. పాతది కొట్టేయకముందే కొత్తది చూపించాం కదా, రెండూ పక్కపక్కన పెట్టుకుని పోల్చుకుంది."

నాలుగువందల పన్నెండో టిక్కు కూడా పడింది. ఆ పక్క భాగం కింద నారింజ గీత, నిన్న కునుకుపట్టి ఆగిపోయినచోటనే. ఇక బుట్టలో మిగిలినవి ఖాళీ చిరునామాలే.

"ఇప్పుడు చేసేయండి ఖాళీ" అంది సర్వరమ్మ, మౌసు అత్తగారి చేతికిచ్చి.

ఆవిడ నొక్కింది. నొక్కి, రెండు చేతులూ దులుపుకుంది. ముప్పై ఏళ్ళ అలవాటు. తర్వాత సీరియలు పెట్టబోయి, రిమోటు పట్టుకునే ఆగింది.

"మరి నీ పదకొండేళ్ళు ఏ బుట్టలో ఉన్నాయే?"

"నావా?"

"పాత కంట్రాక్టరు హాజరు పుస్తకాలు. వాటిలోనే కదా మీ సంతకాలూ వేలిముద్రలూ ఉండేది? బుట్ట ఖాళీ అయిందా, ఇంకా లేదా?"

"వాళ్ళు లేవన్నారు అత్తయ్యా."

"లేవంటే పారేశారని కాదే పిచ్చిమొహమా. ఆఫీసువాళ్ళు దేన్నైనా పారేస్తారనుకున్నావా? వంగి ఎత్తే ఓపిక ఉండదు వాళ్ళకి. కాలితో ఓ మూలకు తోస్తారు. మెట్లకిందో, మోటారు వెనకో. చిత్తుకాగితాలవాడు వచ్చేదాకా అక్కడే. నన్నడుగు, ఆరు అంతస్తుల మూలలూ నావే."

సర్వరమ్మ నవ్వబోయి ఆగిపోయింది. లాండ్రీలో బాయిలరు వెనక గోనెసంచులు. నాలుగు. రోజూ వాటిమీదే కదా తను టిఫిను డబ్బా పెట్టేది!

సోమవారం సాయంత్రం ఇంటికి ఆలస్యంగా వచ్చింది. అత్తగారు నాలుగువందల పద్నాలుగో భాగం మధ్యలో ఆపి, ఇటు తిరిగింది.

"దొరికాయా?"

"పంతొమ్మిదేళ్ళవీ దొరికాయి. అక్కయ్య మొదటిరోజు వేలిముద్రతో సహా. ఉతికిన బట్టల బండిలో పెట్టి యూనియన్ గదికి తోసేశాం. రేపు పద్నాలుగుమందిమీ పుస్తకాలు పట్టుకుని వెళ్తున్నాం. పాత తేదీ కొత్త కార్డులో ఎక్కేదాకా ఈ కార్డులు ఎవరమూ ఒప్పుకోం."

"బండి తోస్తుంటే ఎవరూ చూడలేదు కదా? మీద ఏమన్నా కప్పారా?"

"కప్పాం అత్తయ్యా. ఆసుపత్రి దుప్పటే."

"ఉతికినదేనా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా అత్తగారు గీత దగ్గర నొక్కింది.