కౌన్సిల్ సభ్యుడి ఫ్రెంచి, అప్పలమ్మ వాగు

1913 ఫిబ్రవరి, సముద్రం దాటి మనం కూలికి వచ్చిన చెరకు దీవిలో బాన్ అక్యూయ్ ఊరు, వాగు ఒడ్డు. హాజరైనవారు: కౌన్సిల్ సభ్యుడు, ఆయన గుర్రబ్బండి తోలే మనిషి, మంత్రసాని అప్పలమ్మ, చెరకు తోటల్లో పనిచేసే మన తెలుగువాళ్లు, దుబాసిగా నేను.

సభ్యుడు నా పెళ్లికి ముందు నుంచీ కౌన్సిల్లో ఉన్నాడు. ఊళ్లకు వచ్చినప్పుడల్లా ఫ్రెంచిలో ఉపన్యసించేవాడు. దాన్ని తెలుగులో చెప్పడం నా ఉద్యోగం. నా విసుగల్లా ఒకటే: దీవిలో అందరూ మాట్లాడుకునే క్రెయోల్ ఆయనకు వచ్చు, వినేవాళ్లందరికీ వచ్చు. "క్రెయోల్‌లోనే చెప్పండి, మిస్యే" అని దొరగారిని ఎన్నిసార్లు బతిమాలానో! "కౌన్సిల్ సభ్యుడు వంటింటి భాష మాట్లాడడు" అనేవాడు.

అప్పలమ్మ కోడలికి నెలలు నిండాయి. కోడలిల్లు వాగు అవతల. నీళ్లు పెరిగితే దాటే దారి లేదు. నాలుగు పలకలు వేయించమని అప్పలమ్మ అడిగింది. సభ్యుడికి సొంత కలప అడితి ఉంది. అయినా, "వంతెన విషయం కౌన్సిల్ దృష్టికి తెస్తాను" అని మొదలుపెట్టి, ఎంతకీ ఆపలేదు. నేను తెలుగులో చెప్పాను.

"ఈ ముక్క పోయినేడూ సెప్పినావు కదా, దుబాసి బాబూ. కొత్తదేటైనా ఉంటే సెప్పు."

"నా మాట కాదమ్మా, ఆయన మాట."

"మరి నువ్వెందుకు?"

నేను ఆయన తర్వాతి వాక్యం అందుకున్నాను.

ఉపన్యాసం సాగుతుండగానే ఎగువన వాన పడి వాగు పెరిగింది. తిరిగి వెళ్తూ ఆయన బండి నడివాగులో కూరుకుపోయింది. సభ్యుడు సీటు మీద నిలబడి, స్వచ్ఛమైన క్రెయోల్‌లో అరిచాడు: "తొయ్యండర్రా నాయనలారా, బూట్లు తడిసిపోతున్నాయి!"

అలవాటు కొద్దీ తెలుగులో చెప్పబోయాను. అప్పలమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. తనే క్రెయోల్‌లో అడిగింది: "పలకలెప్పుడు పంపుతావు, మిస్యే?"

ఆయన ఫ్రెంచిలో, "కౌన్సిల్..." అన్నాడు. ఒక్కరూ కదల్లేదు.

"రేపు పొద్దున్నే!" ఇది క్రెయోల్‌లో.

అప్పుడు అందరూ నీళ్లలోకి దిగి బండిని అవతలి ఒడ్డుకి తోశారు. నిజంగా అవసరం పడ్డ మనిషికి దుబాసి అక్కర్లేదని నేను నేర్చుకున్నది అక్కడే. అంతకాలం ఆయన మాటలు మోసినందుకు నా మీద నాకే చిరాకేసింది.

మర్నాడు పొద్దున్నే పలకలు వచ్చాయి. మనవాళ్లు రాళ్ల మీద పరిచి తాళ్లతో బిగించారు. పలకలతోపాటు నాకొక కాగితాల కట్ట వచ్చింది: సభ్యుడు రాసి పంపిన వంతెన ప్రారంభోపన్యాసం, ఫ్రెంచిలో. తెలుగులో చదివి వినిపించాకే జనం దాటాలట.

మొదటి వాక్యం ఎత్తుకున్నాను. అవతలి నుంచి ఎవరో కేకేశారు, నొప్పులు మొదలయ్యాయని. అప్పలమ్మ మూట చంకన పెట్టుకుని పలకెక్కింది.

"నువ్వు సదువుతుండు బాబూ, నానొచ్చి ఇంటాను."

ఆమె వచ్చేదాకా ఆగాను. వచ్చాక చదవమని ఎవరూ అడగలేదు.