తెరవగానే శుభలేఖ

అవనిగడ్డ బస్టాండు వెనక ఒక డీటీపీ సెంటర్లో మూడేళ్ళు పనిచేశాను. రెండు వేల సంవత్సరానికి అటూ ఇటూ. ఒక కంప్యూటరు, ఒక లేజర్ ప్రింటరు, ఒక చాదస్తపు ఓనరుగారు. మూడింటిలో దేనితో ఎక్కువ వేగానో ఇప్పటికీ చెప్పలేను.

మా పనిలో సగం పెళ్ళికార్డులే. ప్రతిసారీ కొత్త పేజీ తెరవటం, కార్డు కొలతకి కుదించటం, మార్జిన్లు సర్దటం, పైన ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’ కొట్టటం. చూసి చూసి ఓనరుగారు ఒకరోజు విసుక్కున్నారు.

“రోజూ ఈ తద్దినం ఏంటమ్మాయ్? కొత్త పేజీ తెరవగానే శుభలేఖే రావాలి. అట్టా కుదరదా?”

కుదిరింది. అదే నా ప్రాణం మీదికొచ్చింది. వర్డ్‌లో ప్రతి కొత్త పేజీకీ మూలంగా ఉండే ఫైలు ఒకటుంటుంది, నార్మల్ టెంప్లేటు అంటారు. గుడివాడలో నేర్చుకున్న కోర్సు పుణ్యమా అని దాన్ని తెరిచి కార్డు కొలత, మార్జిన్లు, పై వాక్యం అన్నీ అందులో పెట్టేశాను. ఆయన అడిగింది అంతవరకే. నా అతితెలివి అక్కడితో ఆగిందా? ఫుటర్లో, అంటే ప్రతి పేజీ అడుగునా తనంతట తనే పడే చోట, ‘బంధుమిత్రుల అభినందనలతో’ అని కూడా పెట్టాను.

ఇక చూడాలి నా అవస్థ. ఉద్యోగం దరఖాస్తుకి పేజీ తెరిస్తే శుభమస్తు. కరెంటు పోతోందని ఫిర్యాదుకి తెరిస్తే శుభమస్తు. పైదీ అడుగుదీ తుడవలేక చేతులు పడిపోయేవి. “మామూలు పనికొకటి, కార్డులకొకటి, రెండు టెంప్లేట్లు పెడతానండీ” అని బతిమాలితే, “పొద్దున్నే శుభం కనపడితే నీకేం నొప్పి? దాన్ని తీశావో, ఊరుకోను” అన్నారు. గోడకి చెప్పుకోవటం నయం.

ఆషాఢంలో, పెళ్ళిళ్ళు లేని రోజుల్లో, మాస్టారు వచ్చారు. మా ఊరి బడిలో నాకు ఐదో తరగతి చెప్పినాయన. మా నోటుపుస్తకాల్లో కామా తప్పినా ఎర్రసిరాతో చుట్టేవారు. వారం క్రితం ఆయన భార్య పోయారు. పెద్దకర్మ కార్డులు వంద కావాలన్నారు.

“చుట్టాలందరికీ పంచాలమ్మా. ఆవిడ పేరు మీద చేసే ఆఖరి కార్యం. మర్యాదగా ఉండాలి.”

కొత్త పేజీ తెరిచాను. పైన శుభమస్తు! ఆయన కంటబడకుండా గబుక్కున తుడిచి, తలెత్తకుండా టైపు చేశాను. మా కంప్యూటరు ఒట్టి నత్త. ఫుటర్లు కూడా తెరమీద కనపడే వ్యూ పెడితే కదలదని, అవి కనపడని వ్యూలోనే పనిచేసేదాన్ని. తెరమీద అంతా శుభ్రంగా ఉంది. “ఒక్కసారి చూసుకోండి మాస్టారూ” అన్నాను. “నువ్వు చూశావుగా, చాలు” అన్నారు. మా ప్రింటరు కాగితాల్ని బోర్లా పడేస్తుంది. బోర్లా పడ్డవి బోర్లాగానే కట్టకట్టి ఇచ్చాను. బుద్ధిలేనిదాన్ని, ఒక్కటంటే ఒక్కటి తిప్పి చూడలేదు.

మూడోరోజు మా ఇంటికీ కార్డు వచ్చింది.

“ఇదేంటే, అడుగున ఏదో కొట్టేశారు?” అంది అమ్మ.

లాక్కుని చూశాను. చివరి వాక్యం మీద స్కేలు పెట్టి నల్లసిరాతో గీత గీసి ఉంది. గీత కింద అక్షరాలు కనపడుతూనే ఉన్నాయి. బంధుమిత్రుల అభినందనలతో. భార్య పోయిన మనిషికి అభినందనలు! వంద కార్డులూ ఆయనొక్కరే కూర్చుని కొట్టేసుకున్నారన్నమాట. షాపుకొచ్చి నా చెంప పగలగొట్టినా బాగుండేది.

తిన్నగా షాపుకెళ్ళి ఆ టెంప్లేటు పీకి పారేశాను. ఓనరుగారు నోరు తెరవబోతే కార్డు ఆయన ముందు పెట్టాను. చదివి, ముఖం పక్కకి తిప్పుకున్నారు.

పెద్దకర్మ నాడు మాస్టారి ముందు నిలబడ్డాను.

“తప్పైపోయింది మాస్టారూ” అన్నాను. ఆపైన ఏడుపొచ్చేసింది.

ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నారు.

“నీ ఒక్కదాని తప్పేముందమ్మా? నేను మాత్రం చూశానా? ముప్ఫైయేళ్ళు నేను రాసిన ప్రతి కాగితం ఆవిడే చూసేది. ఆ అలవాటు కొద్దీ కట్ట విప్పకుండా ఇంటికి తీసుకుపోయాను, ఆవిడ చూస్తుందిలే అని.”