మామ బొంబాయి బండి, మా కలకత్తా బండి

నా చిన్నప్పుడు కృష్ణగిరిలో కార్లను కంపెనీ పేర్లతో పిలిచేవాళ్ళు తక్కువ. ఏ ఊళ్ళో తయారైతే ఆ ఊరి పేరే దానికి పేరు. కలకత్తా బండి, బొంబాయి బండి, మద్రాసు బండి. బయటి దేశాల కార్లు రావడం ఆగిపోయిన రోజులవి. కొత్త కారు కావాలంటే ఈ మూడింట్లో ఒకదానికి పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి కాచుకోవాలి. బస్టాండు పక్కన నాలుగైదు అద్దె కార్లు నిలబడేవి. వాటిలో ఒకటి మా నాయనది, పాత కలకత్తా బండి. ఇంకొకటి మా మామది, అంటే మా అమ్మ తమ్ముడిది. ఆయనదీ మొదట్లో పాతదే. బేరం ఎవరికి దొరికినా ఇద్దరికీ సంతోషమే. ఒకరి టైరు పంచరైతే ఇంకొకరు జాకీ పట్టుకుని పోయేవారు.

నాకు పదేళ్ళప్పుడు మామ కొత్త బొంబాయి బండి తెచ్చుకున్నాడు.

మా నాయనలో అసూయ ఎలా మొదలైందో నేను దగ్గరుండి చూశాను. మొదటిరోజు ఆయన ఆ బండి చుట్టూ తిరిగి, బానెట్ ఎత్తి చూసి, మామ భుజం తట్టి, బాగుందప్పా అన్నాడు. ఇంటికొచ్చి అన్నం సగంలో వదిలేసి లేచాడు. మర్నాటినుంచి దాన్ని అగ్గిపెట్టె అనడం మొదలుపెట్టాడు. సాయంత్రం అరుగు మీద సుద్దముక్కతో రెండు ఇంజన్ల బొమ్మలూ పక్కపక్కన గీసి నాకు చూపించేవాడు.

"మన దాంట్లో వాల్వులు సిలిండరు పక్కన ఉండాయి, సూడు. గాలి వంకర తిరిగి లోపలికి పోవాల. వాడి దాంట్లో నెత్తిన ఉండాయి. గాలి నేరుగా దిగుతాది. అందుకే ఇంజను చిన్నదైనా అట్ల ఎగురుతాది."

అంతవరకూ చెప్పి ఆగేవాడు. మామ బండిని తానే మెచ్చుకున్నట్టు అప్పుడు తట్టేది కాబోలు, అరిచేత్తో ఆ బొమ్మను తుడిచేసి, "ఎగిరి ఏం లాభం? నిండా మనుషుల్ని ఎక్కించి హోసూరు దారిలో కొండ ఎక్కుడు ఎక్కమను, తెలుస్తాది" అనేవాడు.

బెంగళూరునుంచి వచ్చే లారీ డ్రైవర్లను ఆపి టీ ఇప్పించి కంపెనీల కబుర్లు అడిగేవాడు. బొంబాయి కంపెనీకి ఇనుము అందడంలేదట అని ఎవరైనా అంటే ఆ రోజు ఇంట్లో పండగ. అదే కంపెనీ బండ్ల కోసం జనం బారులు తీరి ఉన్నారని ఇంకొకడు చెబితే అమ్మ మీద కసురుకునేవాడు. కలకత్తా కంపెనీ వాళ్ళు తన సొంతవాళ్ళైనట్టు, వాళ్ళ పరువు తన పరువైనట్టు మాట్లాడేవాడు. వాళ్ళ ముఖం ఆయన ఎన్నడూ చూడలేదు.

ఊళ్ళో జనం మాత్రం కొత్త బండివైపే పోయారు. మామిడికాయల వ్యాపారులు, డాక్టరుగారు, పెళ్ళిచూపులకు పోయేవాళ్ళు అందరూ మామనే అడిగేవారు. నాయన బండి తుడుచుకుంటూ కూర్చునేవాడు.

నా అసూయ వేరే. మామ కూతురు నా ఈడుదే, ఒకే బడి, ఒకే తరగతి. బేరాలు లేని పొద్దున మామ ఆ పిల్లను బండిలో బడికి దించేవాడు. ఆ బండి తలుపు వేస్తే ఒక్క చిన్న శబ్దంతో మూసుకునేది. మా బండి తలుపు రెండుసార్లు గట్టిగా కొడితేగాని పడదు. ఆ పిల్ల దిగి, అందరూ చూస్తున్నారో లేదో చూసుకుని, ఆ తలుపును మెల్లగా తోసేది. ఆ శబ్దం వింటే నాకు కడుపులో మంటగా ఉండేది. పుస్తకాలు సర్దుకుంటున్నట్టు తల వంచుకునేదాన్ని.

ఇలా ఉండగా బెంగళూరులో ఒకాయన తన బొంబాయి బండి అమ్ముతాడని నాయనకు కబురొచ్చింది. కొనడానికి దారి ఒక్కటే, మా మామిడితోట. అది అమ్మకు పుట్టింటివాళ్ళు పెట్టిన తోట. మా ఇంట్లో నిలకడగా ఉన్నది అదొక్కటే. బండి నడవకపోయినా ఆ కాయలమీద ఏడాదికి సరిపడా గింజలు ఇంటికొచ్చేవి. నాయన ఒక మనిషిని మాట్లాడి, వచ్చే వారం తోట చూడటానికి రమ్మన్నాడు. అమ్మ ఎదురు చెప్పలేదు. తమ్ముడి బండి మీద మొగుడికి ఉన్న కుళ్ళు గురించి ఆమె ఏం మాట్లాడినా ఒక పక్షం చేరినట్టే అవుతుంది. ఆమె వెళ్ళి మా అవ్వకు, అంటే తన తల్లికి చెప్పుకుంది.

ఆ వారంలోనే హోసూరు దగ్గర కెలవరపల్లిలో మా చిన్నమ్మ కొడుక్కి చెవులు కుట్టించే పని పడింది. చుట్టాలందరం రెండు బండ్లలో బయలుదేరాలి. పొద్దున్నే మామ ఇంటిముందు రెండు బండ్లూ నిలబడ్డాయి. అవ్వ కర్ర పట్టుకుని బయటికొచ్చి, మా అమ్మవైపు చూస్తూ మాట్లాడింది. ఆ కాలంలో అత్తగారు అల్లుడితో ఎదురుగా మాట్లాడేది కాదు. ఆయనకు చెప్పాల్సింది కూతురికి చెప్పేది, ఆయన వినేవాడు.

"అమ్మాయ్, నా నడుము సంగతి నీకు తెల్సు కదా. పాత బండిలో గుంతల్లో పడి నేను రాలేను. కొత్తదాంట్లోనే వస్తా. అయితే నీ తమ్ముడు తోలితే ఎక్కేది లేదు, వాడు గాలిలో పోతాడు. నీ మొగుడు నిదానస్తుడు. ఆయన తోలితేనే ఎక్కుతా."

మామ బిత్తరపోయాడు. "ఏందమ్మా ఇది? నా బండి నేను తోలకూడదా?"

"ఆడ బావ బండి లేదా? అది తోలు."

అత్తగారు అంత నమ్మకంగా అడిగితే అల్లుడు కాదనలేడు. అల్లుడు ఒప్పుకున్నాక కొడుకు కాదనలేడు. ఇద్దరూ తాళాలు మార్చుకున్నారు. మామ మా నాయనకు చోక్ గురించి ఏదో చెప్పబోతే నాయన వినిపించుకోలేదు. నాయన బ్రేకు గురించి చెబితే మామ తెలుసులే అన్నాడు. అవ్వ నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని, మామ కూతుర్ని మా బండిలోకి తోలింది. అమ్మ, చుట్టాలు, గంగాళాలు, పండ్ల గంపలు అన్నీ మా బండిలోనే.

నాయన గేరు కడ్డీని వేలితో తోస్తే అది పడింది. ఆయన ముఖం నాకు అద్దంలో కనిపించింది. గిట్టనివాళ్ళింట్లో భోజనానికి కూర్చుని, కూర బాగుందని ఒప్పుకోవలసివచ్చిన మనిషి ముఖం అది. నేను మాత్రం కొత్త సీటు వాసన పీల్చుకుంటూ, కిటికీ అద్దం పైకీ కిందికీ తిప్పుకుంటూ, ఈ దారి హోసూరు దాటి ఇంకా పోతే బాగుండుననుకున్నాను.

గురుబరపల్లి దాటేవరకూ ఆ సంతోషం ఉంది. అప్పుడు వెనక్కి తిరిగి చూశాను. మా బండి వస్తోంది. ముందు సీట్లో, నేను ఎప్పుడూ కూర్చునే చోట, మామ కూతురు మోచెయ్యి కిటికీ మీద ఆనించి కూర్చుని ఉంది. గాలికి జడ ఎగురుతోంది. మా అమ్మ వెనకనుంచి వంగి ఆ పిల్లకు ఏదో తినిపిస్తోంది. నేను కోరుకున్న బండిలో కూర్చుని ఉండి, వదిలిపెట్టి వచ్చిన సీటు కోసం నాకు ఏడుపొచ్చింది.

అక్కడినుంచి కొండ ఎక్కుడు మొదలైంది. నాయన అద్దంలోకే చూస్తున్నాడు. కొత్త ఇంజను చప్పుడు తక్కువ కాబట్టి వెనక మా బండి రొప్పడం స్పష్టంగా వినిపిస్తోంది.

"రెండో గేరు," అని ఆయన గొణిగాడు. "రెండో గేరు వెయ్యప్పా. ఇంకా ఏం సూస్తా ఉండావు? అది నీ బండి మాదిరి ఉరికేది కాదు, దానికి టైమియ్యాల."

"ఎవురితో మాట్లాడతా ఉండాడే నీ నాయన?" అని అవ్వ నన్నడిగింది.

నాయన బండిని రోడ్డు పక్కకు తీసి ఆపేశాడు. దిగి, రోడ్డు మీద నిలబడ్డాడు. కింద మామకు ఇంతలో గేరు పడినట్టుంది, మా బండి గొంతు మారింది. రొప్పు తగ్గి, బొంగురుగా, ఒకే తీరుగా మోగుతూ పైకి రావడం మొదలుపెట్టింది. నెత్తిన గంపలు, లోపల కిక్కిరిసిన మనుషులు. ఎక్కడా ఆగలేదు. నాయన నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. అన్నేళ్ళుగా ఆ ఎక్కుడు ఆ బండితో ఎక్కినవాడు ఆయన. కానీ ఎప్పుడూ లోపలే ఉన్నాడు. అది తన ఎదురుగా ఎక్కి రావడం ఆయన చూసింది ఆ రోజే. అది మమ్మల్ని దాటి పోతుంటే ఆయన అనుకోకుండా ఒక అడుగు దాని వెంట వేశాడు.

పైన చదునులో రెండు బండ్లూ ఆపి, మా బండికి నీళ్ళు పోశారు. మామ చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏం గుంజుడు గుంజింది బావా. నా దాంట్లో ఇంత మందిని ఏసింటే సగం మందిని దించి తొయ్యమనాల్సి వచ్చుండు."

నాయన ఉబ్బిపోతాడనుకున్నాను. ఆయన నేల చూస్తూ, "నీ దాంట్లో గేరు వేలితో పడతాది" అన్నాడు. ఆ మాట బయటికి రావడానికి అన్ని నెలలు పట్టింది.

మామ తల అడ్డంగా ఊపాడు. "ఏం గేరులే బావా. కలకత్తా వాళ్ళు కొత్త ఇంజను దించినారు, తెల్సునా? వాల్వులు నెత్తిన పెట్టినారు. హోసూర్లో మిల్లు ఓనరు తెచ్చినాడు. పోయిన నెల ఆడికి పోయి చూసొచ్చినాను. అప్పట్నుంచి నాకు అన్నం పోవడంలేదు. నాది ఏడాది కూడా నిండలేదు, అప్పుడే పాతదైపోయె."

నాయన నవ్వు మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి దారి పక్కన రాతి మీద కూలబడ్డాడు. మామ నవ్వలేదు. ఆయనకు అది నిజంగానే బాధ.

అప్పుడు బండిలోనుంచి అవ్వ, అందరికీ వినపడేటట్టు నాతో అంది. "నీ నాయనకు చెప్పు. తోట అమ్మితే నీ మామ బండి లాంటిది వస్తుంది. మిల్లాయన బండి మీద నీ మామ పడే కుళ్ళు కూడా దాంతోనే వస్తుంది. రెండూ కావాలంటే అమ్ముకోమను."

నాయన నవ్వు ఆగిపోయింది. తోట సంగతి ఆమెకు తెలుసని ఆయనకు అప్పుడే తెలిసింది. లేచి వెళ్ళి మామ దగ్గర తన తాళం తీసుకున్నాడు. అక్కడినుంచి కెలవరపల్లికి ఎవరి బండి వాళ్ళే తోలారు. అవ్వ కొడుకు తోలే బండిలోనే కూర్చుని ఉంది, వాడు గాలిలో పోతాడన్న మాట ఎత్తలేదు.

తోట చూడటానికి వచ్చిన మనిషికి నాయన మజ్జిగ ఇచ్చి పంపించేశాడు. బెంగళూరు పోయి మా బండి ఇంజనులో అరిగిన సిలిండర్లకు బోరింగ్ చేయించుకొచ్చాడు. కుటుంబాలతో గుంపుగా పోయేవాళ్ళను, తిరునాళ్ళకు పోయేవాళ్ళను వెతికి పట్టుకున్నాడు. ఒంటరిగా బెంగళూరు పోయే వ్యాపారులు మామకే మిగిలారు. నాయన అసూయ పూర్తిగా పోయిందని చెబితే అబద్ధమవుతుంది. అగ్గిపెట్టె అనడం ఆయన చివరిదాకా మానలేదు. కానీ మామ బండి చెడిపోయిన రోజున మళ్ళీ జాకీ పట్టుకుని పోయాడు.

ఆ తర్వాత మద్రాసు బండ్లు రోడ్డు మీద పలచబడ్డాయి. కొన్నేళ్ళకు బొంబాయివి, అన్నిటికన్నా ఆఖరున కలకత్తావి కూడా ఆగిపోయాయి. హోసూరులోనే బండ్లు చేసే ఫ్యాక్టరీలు వెలిశాయి. మా నాయనా మామా అంతగా పోల్చి, లోలోపల కాలిపోయిన ఆ పందెంలో చివరికి ఏ బండీ మిగల్లేదు.

నేనిప్పుడు హోసూరులో ఉంటున్నాను. ఆ రోజు అవ్వ నా అసూయను మాన్పించలేదు, నాకది ఇప్పటికీ ఉంది. దాన్ని పట్టుకుని ఎక్కడికి పోవాలో మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. మా ఎదురింటావిడ మూడంతస్తులు కట్టి, లిఫ్టు పెట్టించింది. కడుపుమంట మరీ ఎక్కువైన రోజున కరివేపాకు కావాలనో మరొకటనో వంక పెట్టుకుని వాళ్ళింటికే పోతాను. ఆవిడ కాఫీ ఇస్తుంది. వాళ్ళ వరండాలో కూర్చుని తాగుతూ మా ఇంటివైపు చూస్తాను. మా కాగితంపూల తీగ గోడ దాటి వీధిలోకి వంగి, విరగబూసి ఉంటుంది. మా ఇంట్లో ఏ కిటికీనుంచి చూసినా అది కనపడదు.