రెండు గుర్తులూ ఒకే బిడ్డలో

మా వఠారంలో మొదటి ఇంటి టీచరమ్మ మంగళవారం పొద్దున పోయింది. పాలవాడు తలుపు కొట్టి కొట్టి నన్ను పిలిచాడు. హెబ్బగోడి సందుల్లో ఇరవై ఏళ్ళకు పైగా యేసు వాక్యం చెబుతున్న పాస్టరును నేను. ఆ గుమ్మం దాటి ముందు లోపలికి వెళ్ళింది నేనే.

ఆమె బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన ఒంటరి మనిషి. కొంగుముడిలో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. వఠారం పిల్లలు ఏదడిగినా మెట్టు మీదే గీసి చెప్పేది. ఆమె పూజలు ఆమెవి, మా ప్రార్థనలు మావి. ఆదివారం మా హాలులో మైకు మోగితే సోమవారం కుళాయి దగ్గర నన్ను పట్టుకునేది: "దేవుడికి చెవులు బాగానే ఉండాయి కదప్పా, అంత అరిచేదెందుకు?"

నేను నాలుగో తరగతితో బడి మానినవాణ్ణి. లేఖనం నాకు నేనే చదువుకున్నాను, ఇక తెలియనిది లేదనుకున్నాను. మా అమ్మాయి పిల్లికళ్ళతో పుట్టింది. చెవులు కుట్టించబోతే తమ్మెలు వేలాడకుండా చెంపకు అతుక్కుని ఉన్నాయి. నాకూ నా భార్యకూ నల్లకళ్ళే, వేలాడే తమ్మెలే. ఒక్కటైతే సరిపెట్టుకుందును. రెండూ ఒకే బిడ్డలోనా? ఆ ఆదివారం, పండును చూసి చెట్టును తెలుసుకోండని మైకులో గర్జించాను. పేరు చెప్పలేదు. అక్కర్లేకపోయింది, అందరూ వెనక్కి తిరిగి నా భార్యనే చూశారు. సాయంత్రానికి ఆమె బిడ్డను ఎత్తుకుని ఆనేకల్‌లోని పుట్టింటికి వెళ్ళిపోయింది.

మర్నాడు టీచరమ్మ నన్ను తన వంటింట్లో కూర్చోబెట్టింది. నా పేర రెండు గిన్నెలు, నా భార్య పేర రెండు. కళ్ళ గిన్నెలో ఒక నల్ల శనగ, ఒక తెల్ల శనగ. చెవుల గిన్నెలో ఒక ఎర్ర అలసంద, ఒక తెల్ల అలసంద.

"నల్లది ఒక్కటి పడినా నల్లకన్నే. రెండూ తెల్లవైతేనే పిల్లికన్ను. చెవికీ అంతే, రెండూ తెల్లవైతేనే అతుక్కుంటాది. కళ్ళు మూసుకుని గిన్నెకొకటి తియ్యప్పా, బిడ్డకు పోయేది అదే."

తీశాను, మళ్ళీ వేశాను. కళ్ళది ఒక దారి, చెవులది ఒక దారి. ఒకదాన్నొకటి అడిగి రాలేదు. ఎక్కువసార్లు మా ఇద్దరి పోలికే. కొన్నిసార్లు ఒక్క గుర్తే మారింది. ఎంతసేపటికో నా అరచేతిలో నాలుగూ తెల్లవే పడ్డాయి.

"పదహారింట ఒక పాలు. వస్తాది," అంది. "ఈ నాలుగింటిలో రెండు నీ గిన్నెల్లోవే చూడు. నీలోనూ దాగి ఉండాది."

"అయితే నా బిడ్డేనా టీచరమ్మా?"

"అది గింజలు చెప్పవు. కాదనే హక్కు నీకు లేదని మాత్రం చెప్తాయి. నీ బిడ్డేనని నీ భార్య చెప్పింది కదప్పా, అది చాలదా?"

తప్పు చేసిందని ఒక ఆడమనిషిని కొట్టడానికి రాళ్ళు పట్టుకొచ్చిన గుంపు గురించి ఎన్నిసార్లో బోధించాను. నా చేతిలోని రాయి నాకు కనబడలేదు. ఆ రోజే ఆనేకల్ బస్సెక్కి నా భార్య కాళ్ళ మీద పడ్డాను. ఆమె తిరిగి వచ్చింది. టీచరమ్మ మాత్రం ఊరుకోలేదు. "ఏ మైకులో అన్నావో ఆ మైకులోనే తప్పని చెప్పప్పా," అంది.

వచ్చే ఆదివారం అన్నాను. పదిహేడేళ్ళు అదే అన్నాను. సహోదరులారా, ఇతరుల పాపాలకు నా గొంతు ఏనాడూ తగ్గలేదు.

మొన్న ఆదివారం చెప్పాను. చెప్పమన్న మనిషి మట్టిలో కలిశాక చెప్పాను. నా భార్య వెనక చాప మీద తల ఎత్తలేదు. ప్రార్థన ముగించి ఇంటికొస్తే ఇంట్లో లేదు. ముగ్గు వేయడం ఏనాడూ రాని మనిషి, టీచరమ్మ రోజూ ముగ్గు వేసిన, ఇప్పుడు తాళం పడిన గుమ్మం ముందు ఊడ్చి, నీళ్ళు చల్లి, ఆ తడి ఆరేదాకా అక్కడే నిలబడి ఉంది.