వాలు సమానమైతే

నాకు కోపమెక్కువ. డెబ్బైల్లో కంకిపాడు పక్క ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పే రోజుల్లో ఆ కోపాన్నే క్రమశిక్షణ అనుకునేదాన్ని. విజయవాడ నుంచి బస్సులో నిలబడి వచ్చేసరికే సగం ఓపిక అయిపోయేది.

పదో తరగతికి సరళరేఖలు చెబుతూ ఒక ముక్క వల్లె వేయించాను: రెండు రేఖల వాలు సమానమైతే అవి సమాంతరాలు. అర్ధసంవత్సర పరీక్షలో x + 2y = 4, 2x + 4y = 8 సమాంతరాలని చూపమన్నాను. రెండింటి వాలూ మైనస్ ఒకటి బై రెండే. అందరూ సమాంతరాలనే రాశారు. ఒక్క పిల్ల మాత్రం వాలు సరిగ్గానే కట్టి, కింద 'ఇవి రెండు గీతలు కావు, ఒకటే గీత' అని రాసింది. పొలం పనులకు పోతూ సగం పాఠాలు వినని పిల్ల. నాకే పాఠం చెబుతుందా అని ఒళ్లు మండి ఆ లెక్కకు సున్నా చుట్టాను. మొత్తం ముప్పైమూడొచ్చాయి. పాసుకు రెండు తక్కువ.

"టీచర్ గారూ, లెక్కల్లో పాసైతేనే బడికి పంపుతానన్నాడండీ మా నాన్న. ఇంకోసారి చూడండి" అని బతిమాలింది.

"నీ తెలివితేటలు చాల్లే, కూర్చో" అన్నాను.

సెలవుల్లో అదే లెక్కను ట్యూషన్ పిల్లలకు గ్రాఫు మీద గీయబోయాను. రెండో రేఖకు ఏ చుక్క పెట్టినా మొదటి గీత మీదే పడింది. అయ్యో రామా! రెండో సమీకరణం మొదటిదాన్ని రెండుతో హెచ్చించిందే. అసలు రెండో గీతే లేదు. ఆ పిల్ల రాసిందే నిజం.

మర్నాడే వాళ్లింటికి వెళ్లి చెప్పాల్సింది. హెడ్మాస్టరుగారికి ఏం చెప్పను, తరగతిలో తల ఎలా ఎత్తుకోను అంటూ పది రోజులు నాన్చాను. ఆ పది రోజులకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఆ పిల్ల అప్పటికే బడి మానేసింది. వాళ్లిల్లు చర్చి వెనకాల. తండ్రి గబగబా మంచం వాల్చాడు. తప్పు నాదని, పిల్ల పాసైందని, బడికి పంపమని చెప్పాను.

"మీరింత దూరం వచ్చి చెబుతుంటే కాదంటానా అండీ? అదొస్తానంటే రేపే పంపుతా" అన్నాడాయన.

ఆ పిల్ల కోత నుంచి అప్పుడే వచ్చి గుమ్మం పక్కన నిలబడి ఉంది. నేను తెచ్చిన గ్రాఫు కాగితం వంక చూడనైనా లేదు.

"వద్దులెండి టీచర్ గారూ. నాకు లెక్కలు రావండీ."

"వచ్చమ్మా, రానిది నాకే" అన్నాను. నమ్మలేదు. నేను బాధపడకూడదని కాబోలు, మంచినీళ్లు తెచ్చిచ్చి లోపలికి వెళ్లిపోయింది.