నికాసియో పాదం

మా బావ నికాసియో పెగేరో బంతిని కొట్టినప్పుడు జనమంతా ఆకాశం వైపు చూసేవారు. ఆయనా చూసేవాడు. ఆయనలో ఉన్న లోపం అదొక్కటే. బంతి గోడ దాటిందని తెలిసిపోయాక కూడా, అది చెరుకుతోటలో ఎక్కడ పడుతుందో చూసుకుంటూ నింపాదిగా పరుగెత్తేవాడు.

పద్దెనిమిదేళ్లు బేస్‌బాల్ ఆడి బతికాడు. వేసవిలో పరాయి దేశాలు, చలికాలంలో మా సొంతూరు శాన్ పెద్రో. అమెరికాలో చిన్న ఊళ్ల జట్లు నాలుగు, మెక్సికోలో ఆరు, వెనిజులాలో ఒకటి, జపాన్‌లో ఒక్క ఏడాది. అమెరికా పెద్ద లీగులో మాత్రం పదకొండు రోజులు. వాటి గురించి ఎవరైనా అడిగితే, "అక్కడ తువ్వాళ్లు మెత్తగా ఉంటాయి" అని ఊరుకునేవాడు. మా అక్క డిగ్నా ఆయన వెంటే తిరిగింది. ఏ ఊరు వెళ్లినా ముందు అరటికాయలు దొరికే కొట్టు వెతుక్కునేది. జపాన్‌లో దొరకలేదట. ఆ ఏడాది బావ పదహారు హోమ్‌రన్‌లే కొట్టడానికి కారణం అదేనని ఇప్పటికీ వాదిస్తుంది.

నేనూ ఆడేవాణ్ణి, దేశం దాటేటంత కాదు. చలికాలంలో పక్క ఊరి జట్టు తరఫున, బంతి కొట్టినవాడు పరుగులో మొదట తొక్కాల్సిన ఫస్ట్ బేస్ దగ్గర నిలబడేవాణ్ణి. మా మీద ఆడేటప్పుడు బావ అక్కడికి వచ్చి ఆగితే చాలు, "ఒరే తియో, నీ గ్లవ్‌కి చిల్లుందా ఏంటి, గాలొస్తోంది" అని మొదలుపెట్టేవాడు.

ముప్పై తొమ్మిదో ఏట ఆయన కుడి మోకాలు పాడైంది. ఆ జనవరిలో, మా జట్టు మీద ఆయన ఆడే సీజన్ చివరి ఆట చూడటానికి మెక్సికో జట్టు మనిషి ఒకడు వచ్చాడు. బావ బాగా కొడితే ఇంకో వేసవి తీసుకుపోతాడు. లేకపోతే ఆయన ఆట అంతటితో సరి. ఆట రోజు ఉదయం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. అక్క అరటికాయ ఉడికించి మెదుపుతోంది.

"ఒక్క వేసవి, డిగ్నా. ఇంకొక్కటే."

"మూడేళ్ల నించీ ఆ ఒక్కటే అవుతోంది. మోకాలు చూసుకున్నావా? పొంగిన రొట్టెలా ఉంది."

"మోకాలితో కొట్టను కదే."

"మరి పరుగెత్తేది నేనా?"

ఆ మధ్యాహ్నం, నాలుగో ఇన్నింగ్స్‌లో, ఆయన కొట్టాడు. చప్పుడుతోనే తెలిసిపోయింది. జనం లేచి బంతిని చూస్తున్నారు. నేను ఆయన మోకాలిని చూస్తున్నాను. అందుకే నాకు కనబడింది. ఆకాశంలోకి చూస్తూ, కుంటుకుంటూ, నా బేస్‌ను తొక్కకుండానే జానెడు అవతల నించి దాటిపోయాడు.

బంతి గోడ దాటినా, నాలుగు బేస్‌లూ తొక్కితేనే హోమ్‌రన్. తొక్కకపోతే అంపైర్ తనంతట తాను నోరు విప్పడు. తర్వాతి బంతి వేసేలోపు ఎదుటి జట్టు బంతి పట్టుకుని ఆ బేస్ తొక్కి అడగాలి. మావాళ్లెవరూ చూడలేదు. అడిగితే నేనే అడగాలి.

బావ మైదానం చుట్టి వచ్చి జనానికి టోపీ ఊపుతున్నాడు. మెక్సికో మనిషి పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు. బంతి వేసే మా పిచ్చర్ కొత్త బంతి అందుకున్నాడు. ఆట నియమమా, అక్క మాటా, ఆ మోకాలా, ఏది నా చెయ్యి లేపిందో ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోయాను. "ఇటు వెయ్" అన్నాను. బంతి పట్టి బేస్ మీద కాలు పెట్టాను. అంపైర్ పిడికిలి ఎత్తాడు. ఔట్.

"సొంత బావనే ఔట్ చేశావు కదరా, ఇవాళ భోజనం ఎక్కడ తింటావ్?" అని ఎవరో అరిచారు. బావ బెంచీ మీద తల మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. ఏడో ఇన్నింగ్స్‌లో మెక్సికో మనిషి లేచి వెళ్లిపోయాడు.

ఆట అయ్యాక వాళ్లింటికి వెళితే అక్క తలుపులోనే నిలబడింది.

"ఆయన ఆగాలనుకున్నది నేను. ఆపమని నిన్నెవరు అడిగార్రా?"

లోపలికి రమ్మనలేదు. బావ ఫిబ్రవరిలో మాట్లాడలేదు, మార్చిలోనూ మాట్లాడలేదు.

ఏప్రిల్‌లో, మెక్సికోలో ఆటలు మొదలైన వారం, తనే మా ఇంటికొచ్చాడు. గుమ్మం ముందు ఆగి, కుడి పాదం ఎత్తి, సిమెంటు గడప మీద ధన్‌మని వేశాడు.

"చూశావా? తొక్కాను."

నేను ఆ పాదం వంకే చూశాను.

"పద్దెనిమిదేళ్లలో నా కాళ్ల వంక చూసినవాడివి నువ్వొక్కడివేరా. మిగతావాళ్లంతా బంతినే చూశారు. కాఫీ ఉందా?"

ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు ఐస్ ఫ్యాక్టరీలో పనిచేశాడు. నేను పక్కనుంటే ఏ గడపా ఊరికే దాటేవాడు కాదు. మా ఇల్లు, మంగలి షాపు, చివరికి చర్చి కూడా. ధన్‌మని తొక్కి, నా వంక చూసి కన్నుగీటేవాడు.

పోయిన ఆగస్టులో, ఇక చేసేదేమీ లేదని ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపేశారు. నేనూ పక్కింటాయనా ఆయన్ని కుర్చీలో మోసుకొచ్చాం. గుమ్మం దగ్గర "ఆగండి" అన్నాడు. కుర్చీ దించాం. కాలు ఎత్తబోయాడు, లేవలేదు. నేను కింద కూర్చుని, చెప్పు తీసి, ఆ పాదాన్ని రెండు చేతులతో ఎత్తి గడప మీద పెట్టాను. ఎంత తేలికో.

"తొక్కానా?"

"తొక్కావు, బావా."

అక్క తలుపు రెండో రెక్క కూడా తీసింది.

"ఇంక ఎవరూ ఏమీ అడగరు. లోపలికి తీసుకురండి."