అవ్వ వీపు మీద చారలు

నాకు పుట్టుకతోనే చెమట పట్టదు. పళ్లు కూడా నాలుగే వచ్చాయి, అవీ మేకుల్లా సన్నగా. బాపు మందమర్రి బొగ్గు గనిలో పనిచేసేవాడు. అక్కడి ఎండలకు నా ఒళ్లు పెనంలా కాలిపోయేది. అందుకే మా అమ్మ, నేను అవ్వ అని పిలిచేవాణ్ణి, నా అంగీని నీళ్లలో ముంచి, పిండి, తొడిగి బడికి పంపేది. అంగీ ఆరగానే సారు అనుమతి లేకుండానే బోరింగు దగ్గరికి పోయి తడుపుకునేవాణ్ణి. తోటి పిల్లలకు నన్ను చూస్తే కుళ్లు.

ఎనభైల్లో, ఇంటర్ చదివేటప్పుడు, పళ్లు కట్టించుకుందామని అవ్వా నేనూ కరీంనగర్ పోయాం. పళ్ల డాక్టరు నా నోరూ పలచటి జుట్టూ చూసి చర్మం డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. ఆమె నన్ను కాసేపే చూసి అవ్వ వైపు తిరిగింది.

"మీకు చెమట మంచిగ పడ్తదా అమ్మా?"

"వీపుల అక్కడక్కడ పడ్తది, అక్కడక్కడ పట్టది. గదేం లెక్క మేడం?"

డాక్టరమ్మ అవ్వ వీపుకు అయోడిన్ పూసి, ఆరాక గంజిపిండి చల్లి, ఫ్యాను ఆపేసింది. చెమట పట్టిన చోటల్లా పిండి నల్లబడింది. మధ్యమధ్యన పొడి చారలు. నేను నవ్వాపుకోలేకపోయాను.

"అవ్వా, నీ వీపు పులి తీరు ఉన్నదే!"

"చెమట, పళ్లు, జుట్టు వచ్చేటట్టు చేసే జన్యువు ఆడోళ్లకు రెండుంటయ్" అంది డాక్టరమ్మ. "కడుపుల ఉన్నప్పుడే ఒక్కో కణం అందులో ఒకదాన్ని మూసేస్తది. దాని నుంచి పుట్టే కణాలన్నీ గట్లనే మూసుకుంటయ్. మంచిది తెరిచి ఉన్నకాడ చెమట, చెడింది తెరిచి ఉన్నకాడ లేదు. మగోడు గాబట్టి మీ కొడుక్కు ఉన్నదే ఒకటి. అదే చెడింది."

అవ్వ మొహం చిన్నబోయింది. "అంటే నా నుంచే వచ్చిందా?"

"మీ తప్పేం లేదమ్మా. ఏది మూసుకోవాల్నో, ఏది ఇయ్యాల్నో మిమ్ముల ఎవ్వరడిగిండ్రు? మందు లేదు గానీ ఫికర్ వద్దు. ఒళ్లు తడిపితే చాలు."

"గది నేను ఎప్పట్నుంచో చేస్తున్న కదా!" అంది అవ్వ, మొహం వెలిగిపోతూ.

బాపుకు చూపించాలని అవ్వ తన వీపు తుడవనియ్యలేదు. బస్సులోని ఉక్కకు చారలన్నీ కలిసిపోయాయి. ఇంట్లో బాపు చూసి కంగారుపడ్డాడు. "ఏందే, బొగ్గుల పొర్లినవా?"

ఆ నెలలోనే నాకు పళ్ల సెట్టు వచ్చింది. కాల్చిన మక్కకంకి మొదటిసారి కొరికి తిన్నాను.

తొంభైల్లో నాకు కూతురు పుట్టింది. నా దగ్గరున్న ఆ చెడిన జన్యువొక్కటే దానికీ వెళ్తుందని తెలుసు. అయితే తల్లిచ్చిన మంచిది కూడా ఉంది. రెండు పళ్లు రాలేదు, మిగతావన్నీ వచ్చాయి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కోకో ఆడి, చెమటకు సగం తడిసిన గౌనుతో ఇంటికొచ్చి అన్నం అడుగుతుంది.